ఒకసారి పొందిన రక్షణ పోతుందా? గుణుపురం చెల్లెమ్మ ప్రశ్నకు జవాబు

వందనాలు చెల్లెమ్మా.

మీ ప్రశ్న చదవని వాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీ పుట్టిల్లు గుణుపురం, చిన్నప్పటి నుంచి బాప్టిస్టు సంఘం. అత్తవారు జయపురం వైపు లూథరన్లు. మీ అన్నయ్య పంతొమ్మిదో ఏట వంశధారలో బాప్తిస్మం తీసుకున్నారు. చాలాకాలం చర్చిలో డోలక్ వాయించారు, యౌవనుల కూడికలు నడిపించారు. ఇప్పుడు చర్చి గుమ్మం తొక్కడం లేదు. కొండమీది సవర గిరిజన కుటుంబాలకు నూటికి నెలకు పది రూపాయల వడ్డీకి అప్పులిస్తున్నారు, తీర్చలేని వాళ్ల జీడితోటలు తన చేతికింద పెట్టుకున్నారు. ఎవరైనా అడిగితే, "నేను రక్షణ పొందినవాణ్ణి. ఒకసారి పొందితే అది పోయేది కాదు, మన పాస్టరు అయ్యగారే చెప్పారు కదా" అంటున్నారు. మీ మామగారేమో "అంతం దాకా నిలవనివాడికి రక్షణ లేదు" అంటున్నారు. ఈ రెండు మాటల మధ్య నలిగి మీకు మీ గురించే భయం పట్టుకుంది. పిల్లల మీద కోప్పడినా, ఓ పూట ప్రార్థన తప్పినా, నా రక్షణ కూడా పోయిందేమో అనిపించి నిద్ర పట్టడం లేదని రాశారు.

నేను నమ్మేది సూటిగా చెప్తాను. విశ్వాసంలో చివరిదాకా నిలవడం, నీతిగా బతకడం, ఈ రెండూ రక్షణకు షరతులే. వాక్యం ఆ సంగతి దాచిపెట్టలేదు. అయితే షరతు వేరు, వెల వేరు. ఈ తేడా తెలియకే మీ అన్నయ్య నిశ్చింతగా ఉన్నారు, మీరు నిద్రలేకుండా ఉన్నారు.

వెల సంగతి ముందు చూద్దాం. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం మనలో చాలామందికి కంఠతా వచ్చు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." సిలువ మీద చెల్లించింది పూర్తిగా చెల్లింది. మన ఉపవాసాలు, కానుకలు, మన మంచితనం దానికి ఒక్క పైసా కలపలేవు. ఎవరైనా మీతో "నువ్వు ఇన్ని మంచి పనులు చేస్తేనే దేవుడు నిన్ను చేర్చుకుంటాడు" అంటే నమ్మకండి. గలతీయ సంఘంలో ఆ బోధ మొదలైనప్పుడు పౌలు ఎంత కోపంగా రాశాడో చూడండి.

కానీ మనవాళ్లు ఎనిమిది, తొమ్మిది వచనాలు చదివి పుస్తకం మూసేస్తారు. పదో వచనం వెంటనే ఉంది. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామని చెప్తుంది. క్రియల వల్ల రక్షణ రాలేదు గాని, రక్షణ వచ్చింది ఆ క్రియల కోసం. పెళ్లి సంగతే తీసుకోండి. కాపురం చేయడమంటే కన్యాశుల్కం చెల్లించడం కాదు. నమ్మకంగా కాపురం చేసినంత మాత్రాన ఎవరూ భార్యను కొనుక్కున్నట్టు కాదు. అలాగని తాళి కట్టిన మర్నాడే ఇల్లు విడిచి పోయి, ఇరవై ఏళ్లు వేరే చోట వేరే మనిషితో ఉంటూ, "నా పెళ్లి ఫలానా తేదీన జరిగింది, ఫొటోలున్నాయి" అనేవాణ్ణి చూసి ఎవరూ సంసారి అనరు. మీ అన్నయ్య వంశధారలో మునిగిన తేదీ చూపిస్తున్నారు. ఆ తేదీ అబద్ధమని నేను అనను. ఆనాడు ఎవరి చెయ్యి పట్టుకున్నారో ఈనాడు ఆయనతో నడుస్తున్నారా అన్నదే నా ప్రశ్న.

ఇక షరతు మాట. పత్రికల్లో "అయితే", "యెడల" అనే చిన్న మాటలున్నాయి. మనం వాటిని పరుగున దాటేస్తాం. కొలస్సయి మొదటి అధ్యాయంలో పౌలు, దేవుడు మిమ్మల్ని పరిశుద్ధులుగా, నిర్దోషులుగా తన ఎదుట నిలబెట్టడానికి సమాధానపరచాడని చెప్పి, ఆ వాక్యం ముగియకముందే మీరు విశ్వాసంలో స్థిరంగా నిలిచి, సువార్త వల్ల కలిగే నిరీక్షణ నుంచి తొలగిపోకుండా ఉంటేనే అని చేరుస్తాడు. రోమా పదకొండులో అన్యజనుల విశ్వాసులతో, నువ్వు ఆయన దయలో నిలిచి ఉంటే సరే, లేకపోతే నిన్ను కూడా నరికివేస్తారు అంటాడు. పట్టణాలు తిరిగి సంఘాలు కట్టిన ఆ పౌలే కొరింథీయులకు రాస్తూ, ఇతరులకు ప్రకటించిన తరువాత ఒకవేళ నేనే భ్రష్టుణ్ణి అవుతానేమో అని నా శరీరాన్ని నలగగొట్టి లోపరచుకుంటున్నాను అంటాడు. ఇక ప్రభువు మాట మీ మామగారు చెప్పనే చెప్పారు: "అంతమువరకు సహించినవాడెవడో వాడే రక్షింపబడును."

హెబ్రీ పత్రిక గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ వాదన అక్కడే. ఆరో అధ్యాయంలో ఒకసారి వెలిగింపబడి, పరలోక సంబంధమైన వరాన్ని రుచి చూసి, పరిశుద్ధాత్మలో పాలివారై, ఆ తరువాత తప్పిపోయినవాళ్ల గురించి ఉంది. "వాళ్లు అసలు విశ్వాసులే కారు, పైపైన వచ్చినవాళ్లు" అని కొందరు బోధకులు చెప్తారు. నాకు ఆ వివరణ ఇమడదు. పరిశుద్ధాత్మలో పాలుపొందడం అనే మాట పైపైన వచ్చినవాడి గురించి రాసే మాట కాదు. పైగా ఆ పత్రిక ఎవరికి రాశారో చూడండి. తమ ఆస్తి కోల్పోయినా సంతోషంగా ఓర్చుకున్నవాళ్లకి, చెరలో ఉన్నవాళ్లను ఆదుకున్నవాళ్లకి. అటువంటివాళ్లు అలసిపోయి వెనక్కి తిరుగుదామా అనుకుంటున్న సమయంలో వచ్చిన ఉత్తరం అది. ముందు ప్రమాదమే లేకపోతే ఆ రచయిత అంతగా హెచ్చరించడు.

అవతలి వైపు వాక్యాలు లేవా అంటే, ఉన్నాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. యోహాను పదో అధ్యాయంలో తన గొర్రెల గురించి ప్రభువు "అవి ఎన్నటికిని నశింపవు, ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్నాడు. ఫిలిప్పీ మొదటి అధ్యాయంలో, మంచి పని మొదలుపెట్టినవాడే దాన్ని కొనసాగిస్తాడని ఉంది. దేవుని ప్రేమ నుంచి మనల్ని ఏదీ ఎడబాపలేదని రోమా ఎనిమిదిలో ఉంది. మొదటి యోహాను రెండో అధ్యాయంలోనైతే, మనలో నుంచి బయటికి వెళ్లినవాళ్లు అసలు మన సంబంధులు కారని ఉంది. ఈ వాక్యాల మీద ఆనుకునే మీ అయ్యగారు ఆ మాట చెప్పి ఉంటారు. కానీ యోహాను పదిలోనే ఆ మాటకు ముందు వచనం చదవండి. నా గొర్రెలు నా స్వరం వింటాయి, నన్ను వెంబడిస్తాయి అని ఉంది. ఎవరూ లాక్కుపోలేరన్న వాగ్దానం, వింటూ వెంబడిస్తున్న గొర్రెలకిచ్చిన వాగ్దానం. స్వరం వినడం మానేసి, మంద విడిచి వెళ్లి, ఆ వాగ్దానాన్ని మాత్రం జేబులో పెట్టుకు తిరగడానికి ఆ వచనం చోటివ్వదు.

మీ రెండిళ్లలో రెండు బోధలు ఎందుకున్నాయో కూడా చెప్తాను. దీన్ని మన పల్లెల్లో ఎవరూ వివరించరు, వియ్యాలవారి మధ్య పట్టింపుగా మిగిలిపోతుంది. ఆంధ్ర, ఒడిశాల ఈ సరిహద్దు నేల మీదికి సువార్త రెండు దారుల్లో వచ్చింది. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు ఉత్తరంగా వచ్చి పర్లాకిమిడి దాకా చేరారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి బయల్దేరిన లూథరన్లు కోరాపుట్, జయపురం, సాలూరు, పార్వతీపురం వైపు సంఘాలు కట్టారు. బాప్టిస్టులు తమతో తెచ్చుకున్న వారసత్వంలో 1689 నాటి లండను ఒప్పుకోలు పత్రం ఉంది. దేవుడు నిజంగా పిలిచినవాళ్లు పూర్తిగా, చివరిగా కృపలో నుంచి పడిపోరని అది చెప్తుంది. లూథరన్లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని తెచ్చుకున్నారు. ఒకసారి నీతిమంతుడిగా తీర్చబడినవాడు పరిశుద్ధాత్మను కోల్పోలేడనే బోధను అందులో పన్నెండో అధికరణం పేరుపెట్టి ఖండిస్తుంది. కాబట్టి మీ మామగారు మొండిగా మాట్లాడటం లేదు, మీ అయ్యగారు సొంతంగా కల్పించి చెప్పడం లేదు. ఇద్దరూ తమ పెద్దల నుంచి అందుకున్నది చెప్తున్నారు.

ఈ వాదన మన ప్రాంతానికి సువార్త రాకముందు నుంచే ఉంది. హాలెండులో ఆర్మీనియసు అనే వేదాంతి శిష్యులు 1610లో ఐదు అంశాలు రాసినప్పుడు, విశ్వాసి పూర్తిగా తప్పిపోగలడా అన్న చివరి ప్రశ్నను ఇంకా లేఖనాల్లో పరిశీలించాలని తేల్చకుండా వదిలారు. దానికి జవాబుగా 1618, 1619లో డోర్ట్ పట్టణంలో జరిగిన మహాసభ, దేవుడు తాను ఎన్నుకున్నవాళ్లను చివరిదాకా కాపాడతాడని తీర్మానించింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ దాన్ని ఒప్పుకోలేదు. తప్పిపోవడం సాధ్యమేనని 1751లో విడిగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. రోమన్ కతోలిక సంఘం 1547లోనే ట్రెంట్ సభలో, ప్రత్యేక ప్రత్యక్షత లేకుండా తాను చివరిదాకా నిలుస్తానని ఎవరూ నిశ్చయంగా చెప్పుకోకూడదని తీర్మానించింది.

ఇంతమంది ఇన్ని రకాలుగా చెప్పినా, ఒక్క విషయంలో అందరూ కలుస్తారు. అది మీ అన్నయ్యకు తెలియాలి. పాపంలో పశ్చాత్తాపం లేకుండా కొనసాగుతూ "నాకు పరలోకం ఖాయం" అనుకునేవాడికి డోర్ట్ సభ కూడా ధైర్యం చెప్పలేదు. విశ్వాసులు ఘోరంగా పడిపోవచ్చని, అప్పుడు దేవుణ్ణి దుఃఖపెడతారని, మనస్సాక్షిని గాయపరుచుకుంటారని, నిజమైన పశ్చాత్తాపంతో తిరిగి వచ్చేవరకు ఆయన దయను అనుభవించలేరని అది రాసింది. ఈ భరోసా అజాగ్రత్తకు దారి తీయదని కూడా పట్టుబట్టి చెప్పింది. అంటే, మీ అయ్యగారి బోధను దాని పుట్టుక దాకా వెళ్లి అడిగినా, మీ అన్నయ్య తన జీడితోటల మీద కప్పుకోవడానికి అందులో దుప్పటి దొరకదు. వెస్లీ అయితే "ఇతను తప్పిపోయాడు" అంటాడు. డోర్ట్ పెద్దలైతే "తిరిగి రాకపోతే ఇతను అసలు క్రీస్తుకు చెందినవాడే కాదేమో" అంటారు. ఇద్దరూ ఆయనతో చెప్పేది ఒకటే: ఇప్పుడే తిరుగు. పేరు వేరు, ప్రమాదం ఒకటే.

నీతిగా బతకడం అనే రెండో షరతు గురించి మన సంఘాల్లో మాట్లాడటం తక్కువ. మాట్లాడినా సారా, సినిమా, నగల దగ్గర ఆగిపోతుంది. మన ప్రాంతంలో అసలు పరీక్ష సంతలో ఉంది, అప్పు పత్రం మీద ఉంది, భూమి దగ్గర ఉంది. నాకు తెలిసిన ఒక చింతపండు వ్యాపారి ఉండేవాడు. గుణుపురం చుట్టుపక్కల వారపు సంతల్లో కొండ దిగి వచ్చిన సవర ఆడవాళ్ల దగ్గర కొనేవాడు. అతని తక్కెడకి గుండ్లు పెట్టే పళ్లెం అడుగున నిమ్మకాయంత సీసం ముద్ద మైనంతో అంటించి ఉండేది. పైనుంచి చూస్తే కనపడదు. వాళ్లు కొంచెం కొంచెంగా ఇంకా వేస్తూ పోతే తప్ప ముల్లు మధ్యకి వచ్చేది కాదు. ఆ మనిషి ప్రభువును నమ్ముకున్నాక మొదట ఆదివారాలు మాత్రం మారాడు, తక్కెడ మారలేదు. ఒకరోజు సామెతల గ్రంథంలో "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న వాక్యం కూడికలో చదివారు. ఆ వారం సంతలో, బేరం మొదలుపెట్టకముందే, ఆ ఆడవాళ్ల ముందే పళ్లెం తిరగేసి చాకుతో సీసం గీకి తీసేశాడు. వాళ్లకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకామె తిట్టిన తిట్లు అతను తల వంచుకుని విన్నాడు. ఆ ఏడాదంతా తన దగ్గర అమ్మేవాళ్లందరికీ మామూలు ధర మీద ఎక్కువ కట్టిచ్చాడు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే చెప్పలేదు. అతను దాంతో రక్షణ కొనుక్కోలేదు. కానీ అతని ఇంటికి రక్షణ వచ్చిందని నేను నమ్మింది మాత్రం ఆ రోజే.

ప్రభువును చూడాలని చెట్టెక్కిన సుంకరి జక్కయ్య విషయంలోనూ అదే వరుస. ప్రభువు ముందే అతని పేరు పెట్టి పిలిచాడు, అతని ఇంట బస చేస్తానన్నాడు. అది కృప. ఆ తరువాత జక్కయ్య లేచి, ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని అన్నాడు. అప్పుడు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట వచ్చింది. చెట్టు దిగకముందు ఈ లెక్క అడగలేదు. ఇంట్లోకి వచ్చాక ఈ లెక్క లేకుండా ఆ మాటా రాలేదు.

మీ అన్నయ్య విషయానికి నెహెమ్యా ఐదో అధ్యాయం సరిగ్గా సరిపోతుంది. కరువులో తమ పొలాలు, ద్రాక్షతోటలు కుదువపెట్టి, పిల్లల్ని దాసులుగా అప్పజెప్పిన బీదలు మొర పెట్టుకుంటే, నెహెమ్యా అప్పిచ్చిన పెద్దల్ని సభ పెట్టి నిలదీశాడు. పొలాలు, తోటలు, ఇళ్లు ఆ రోజే తిరిగివ్వమన్నాడు. వాళ్లు వసూలు చేస్తున్న నూరో వంతు కూడా వదిలేయమన్నాడు. అక్కడ నూటికి ఒక వంతుకే అంత కోపం వచ్చింది. ఇక్కడ మీ అన్నయ్య నెలకు పది తీసుకుంటున్నారు. పైగా ఒడిశా షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1956లోనే నిబంధన వచ్చింది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతమే. కాబట్టి ఆ తోటలు పట్టుకు కూర్చోవడం దేవుని లెక్కలోనే కాదు, కలెక్టరు గారి లెక్కలో కూడా నిలవదు. ప్రార్థన ఎంత చేసినా ఆ తోటలు వాళ్లకి తిరిగి వెళ్లేవరకు ఆ ప్రార్థన సగంలోనే ఉన్నట్టు. "పరిశుద్ధతలేకుండ ఎవడును ప్రభువును చూడడు" అన్న హెబ్రీ పన్నెండో అధ్యాయం మాట ఇటువంటి చోటే అర్థమవ్వాలి.

అలాగని పడినవాడల్లా పోయినట్టు కాదు. ఇక్కడ మీ మామగారి మాటకూ కొంచెం సవరణ అవసరం. 2008 ఆగస్టులో మన రాయగడకు ఆనుకుని ఉన్న కంధమాల్‌లో క్రైస్తవుల మీద దాడులు చెలరేగినప్పుడు ఇళ్లు తగలబడ్డాయి, వేలమంది శిబిరాల్లో తలదాచుకున్నారు. ప్రాణభయంతో మతం విడిచామని ఒప్పుకోవాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. అలా కాగితం మీద వేలిముద్ర వేసిన ఒక ముసలాయన, తరువాత చాలాకాలానికి, తన చెల్లెలి ఇంట్లో కూర్చుని నన్ను అడిగాడు: "నేను పేతురునా, యూదానా?" అలా అడిగేటప్పుడు ఆ బొటనవేలిని ఇంకో చేత్తో మూసి పట్టుకున్నాడు.

ఆయనకి నేను చెప్పింది మీకూ చెప్తాను. సంఘం ఈ ప్రశ్న కొత్తగా ఎదుర్కోలేదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియసు అందరూ దేవతలకు బలి అర్పించి పత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. చాలామంది క్రైస్తవులు భయంతో అర్పించారు, కొందరు అర్పించకుండానే డబ్బిచ్చి పత్రాలు కొనుక్కున్నారు. ఆ తుఫాను తగ్గాక వాళ్లంతా ఏడుస్తూ సంఘం గుమ్మం ముందు నిలబడ్డారు. రోములో నొవాషియను అనే ఆయన వీళ్లను ఎన్నటికీ చేర్చుకోకూడదన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియను, ఆయనతో కూడిన బిషప్పులు 251లో సభ చేసి, పశ్చాత్తాపపడినవాళ్లను తగిన క్రమశిక్షణ తరువాత చేర్చుకోవాలని తేల్చారు. పాపాన్ని తేలిక చేయలేదు, తలుపూ మూయలేదు. ఆ సిప్రియనే 258లో విశ్వాసం కోసం తల ఇచ్చాడు. అటువంటివాడు పడినవాళ్ల మీద జాలిపడ్డాడని నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

పేతురు మూడుసార్లు బొంకాడు. యూదా ఒకసారి అమ్మాడు. పాపం సైజు కొలిచి వాళ్లిద్దర్నీ వేరు చేయలేం. పేతురు ఏడ్చి, తరువాత ప్రభువు సముద్రపు ఒడ్డున పిలిస్తే పడవలో నుంచి దూకి ఆయన దగ్గరికి వెళ్లాడు. యూదా ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. పేతురు పడకముందే ప్రభువు అతనితో, "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. నిలవడం షరతని నేను ఇంత గట్టిగా చెప్తున్నది ఈ వాక్యం ఉంది కాబట్టే. మనం నిలిచేటట్టు ప్రార్థించేవాడు ఆయనే. ఫిలిప్పీ రెండో అధ్యాయంలో "భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి" అన్న వెంటనే, మీలో ఆ ఇష్టాన్ని, ఆ పనిని కలిగించేవాడు దేవుడే అని ఉంది. ఈ రెంటిలో ఒకటి విరిచి ఇంకొకటి పట్టుకోకండి.

తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు మన పర్లాకిమిడి సీమలో పుట్టినవారే. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890లో కన్నుమూసేవరకు ఆ విశ్వాసంలోనే ఉన్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన మనిషికి ఆ యాభై ఏడేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. ఆరంభశూరులు మన సంఘాల్లో ప్రతి ఉజ్జీవ కూడికకీ పుడతారు. అటువంటి యాభై ఏడేళ్లు మాత్రం ఒక్కో ఉదయం లేచి నడిస్తేనే పూర్తవుతాయి.

ఇప్పుడు మీ భయం. చెల్లెమ్మా, హెచ్చరిక వాక్యాలు ఎవరి కోసం రాశారో చూసి చదువుకోవాలి. నిశ్చింతగా తోటలు పట్టుకు కూర్చున్నవాడు హెబ్రీ ఆరో అధ్యాయం చదవాలి. మీరు యోహాను ఆరో అధ్యాయం చదవాలి: "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను." మీ ఇంట్లో తారుమారైంది. మీ అన్నయ్య వాగ్దానాలు చదువుతున్నారు, మీరు హెచ్చరికలు చదువుతున్నారు. పిల్లల మీద కోప్పడి ఏడ్చి క్షమాపణ అడగడం వెనకజారడం కాదు. విశ్వాసంలో నిలవడమంటే మనవంటి వాళ్లకి చాలాసార్లు అదే. నీతిమంతుడు ఏడుమారులు పడినా తిరిగి లేస్తాడని సామెతల గ్రంథమే చెప్తుంది. తప్పిపోయినవాడికి తప్పిపోయానన్న దిగులే ఉండదు. మీకు ఆ దిగులు ఉంది, ప్రభువును విడిచి ఉండలేనన్న బెంగ ఉంది. అది చచ్చిన విశ్వాసంలో నుంచి రాదు. రాత్రి నిద్ర పట్టనప్పుడు నా రక్షణ ఉందా పోయిందా అని లోపల తడుముకోకండి. పడుకునే ఉండి, "ప్రభువా, ఈ రోజు నీ దానినే" అని చెప్పండి. అంతే చాలు. ఉదయాన్నే మీ పిల్లలతో మంచిగా మాట్లాడండి. మీ విషయంలో నీతి ముందు అక్కడ కనపడాలి. ఇవన్నీ చేసినా నెలల తరబడి నిద్ర లేకపోతే డాక్టరుకు కూడా చూపించుకోండి. దాన్ని అవిశ్వాసం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

అన్నయ్య విషయంలో ఏం చేయాలని అడిగారు. సిద్ధాంతం మీద ఆయనతో వాదించకండి. ఎదుటివాళ్లు ఓడించాలని చూస్తే పట్టు బిగుస్తుంది, పైగా యౌవనుల కూడికలు నడిపించిన మనిషి, వచనానికి వచనం చెప్పగలరు. చర్చికి రమ్మని కూడా మొదటే బతిమాలకండి. తోటలు చేతిలో ఉంచుకుని ఆదివారం వచ్చి డోలక్ ముందు కూర్చుంటే, ఆయనకి ఇంకా పెద్ద ముసుగు దొరికినట్టే. ముందు ఒక్క కుటుంబం గురించి అడగండి, పేరుతో. "అన్నయ్యా, ఫలానా వాళ్ల తోట ఎప్పుడు తిరిగిస్తావు? వాళ్లు తీసుకున్న అసలు ఎంత, ఇప్పటికి కట్టింది ఎంత?" అని. చెల్లెలిగా మీకు ఆ చనువు ఉంది, సంఘ పెద్దలకి లేదు. అసలుకి మించి కట్టేసిన వాళ్ల లెక్క ఆయన నోటితో ఆయనే చెప్పేలా చూడండి.

ఒకవేళ కరిగి తిరిగి వస్తే, గలతీ ఆరో అధ్యాయం చెప్పినట్టు సాత్వికంగా చేర్చుకోమని మీ అయ్యగారికి ముందే చెప్పి ఉంచండి. నిలబెట్టి ప్రశ్నలు వేయడం, అందరి ముందు మోకాళ్లు వేయించడం వద్దు. కొరింథులో శిక్ష అనుభవించినవాడి విషయంలో పౌలు, అతను అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమని రాశాడు. కానీ ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చే ముందు తోటల సంగతి తేలాలి. ఆ మాట అయ్యగారే ఆయనతో సూటిగా చెప్పాలి. మీ మీదికి నెట్టకూడదు.

రాకపోతే? అప్పటికీ ప్రార్థన మానకండి, రాకపోకలు మానకండి, కానీ ఆ డబ్బుతో తెచ్చిన చీరలు, సామాన్లు మాత్రం తీసుకోకండి. ఎందుకు తీసుకోవడం లేదో ఆయనకి మర్యాదగా, ఒక్కసారి చెప్పండి. మీ మామగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన మాట కటువుగా ఉన్నా మనిషి నీతిపరుడని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. సవర కుటుంబాల్లో ఎవరైనా తోట కోసం తహసీల్దారు గారి దగ్గరికో సబ్‌కలెక్టరు గారి దగ్గరికో వెళ్లాలనుకుంటే, అన్న కదా అని వాళ్లను ఆపకండి. అర్జీ రాయడానికి ఒడియా బాగా వచ్చినవాళ్లు కావాలంటే ఇక్కడే రాయండి, మన సభ్యుల్లో రాయగడ వాళ్లున్నారు, రాసిపెడతారు.